ఇరవై రెండు పళ్ళు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు గోదారి లంకలో ఉన్న చుట్టాలింటికి నడిచి వెళుతున్నాను. దారిలో ఒక పెంకుటింటి పెరట్లో దొండపాదు విరగపాకి ఉంది. పందిరికి ఒక మూల గుంజకు బదులు సైకిలు నిలబెట్టి కట్టారు. టైర్లు లేవు, సీటు లేదు. తీగ హ్యాండిలు మీదికి పాకి బ్రేకు కడ్డీలకు నులితీగలు చుట్టింది.

ఇలా పాదులకూ దడులకూ ఆసరాగా మిగిలిన సైకిళ్ళు మా వైపు చాలానే ఉన్నాయి. ఎప్పుడూ ఆగి చూడలేదు. దీని చైను చూసి మాత్రం ఆగిపోయాను. తుప్పు పట్టి బిగుసుకుపోయినా అది సైకిలు చైను కాదని తెలుస్తూనే ఉంది. వెడల్పు ఎక్కువ, పక్క పలకలు మందం. అది మోపెడ్ చైను. వెనక ఉండే పళ్ళచక్రం, అంటే ఫ్రీవీలు కూడా మామూలు 18 పళ్ళది కాదు, అంతకంటే పెద్దది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున రావులపాలెం అరటి మార్కెట్ ముందు నుంచే వచ్చాను. టీవీఎస్ బళ్ళున్నాయి, ట్రక్కు ఆటోలున్నాయి, గెలలు గుట్టలుగా ఉన్నాయి. ఒక్క గెలల సైకిలూ కనబడలేదు. కనబడలేదన్న సంగతి కూడా ఆ తుప్పు చైను చెబితే గానీ నాకు తెలియలేదు.

కొలత చైను

మా మావయ్య సైకిలు షాపు గౌతమి ఏటిగట్టు కింద, రోడ్డు మలుపులో ఉండేది. తాటాకు పాక, ముందు చింతచెట్టు, చెట్టు మొదట్లో సగం పూడ్చిన లారీ ఇరుసు. ఆ ఇరుసే ఆయనకు దాగలి. వేసవి సెలవులిచ్చారంటే నేను ఆ షాపులోనే ఉండేవాణ్ణి.

తెల్లారకముందే షాపు చప్పుళ్ళు మొదలయ్యేవి. ముందు గాలిపంపు ఉస్సుమనేది. తర్వాత పంక్చరు చూసే నీళ్ళ తొట్టెలో ట్యూబు బుడగలు పలికేవి. పెడలు ఉండే క్రాంకును ఇరుసుకు బిగించే కాటరు పిన్ను కొట్టేటప్పుడు మావయ్య అవతలివైపు ఇనుప గొట్టం ఆన్చి, మూడంటే మూడు దెబ్బలు వేసేవాడు. మొదటి రెండు దెబ్బలకూ మోత ఒకలా ఉండేది, మూడోదానికి బిగువుగా వచ్చేది. ఆ మార్పు వినబడితే పిన్ను కూర్చున్నట్టు. వినబడకపోతే తీసి ఆకురాయితో అరగదీసి మళ్ళీ కొట్టేవాడు. ఆయనకు కళ్ళెంతో చెవులూ అంతే.

పనిముట్లు ఎక్కువేం లేవు. నాలుగు పానాలు, రెండు సుత్తులు, చైను పిన్నులు కొట్టే గుండ్రటి ఉలి, ఆకురాయి, టైరు లీవర్లు, కిరసనాయిలు డబ్బా, గ్రీజు డబ్బా. గుంజకు మేకు కొట్టి అడుగు పొడవు కొత్త చైను ముక్క ఒకటి వేలాడదీసేవాడు. దాన్ని ఎవరికీ అమ్మేవాడు కాదు. అది కొలత.

సైకిలు చైను ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు సరిగ్గా అర అంగుళం. 24 లంకెలంటే 12 అంగుళాలు, అంటే అడుగు. పాత చైను తెచ్చి ఆ ముక్క పక్కన వేలాడదీస్తే, అదే 24 లంకెలు కొద్దిగా కిందికి దిగేవి. వాడినకొద్దీ ఇనుము సాగుతుందనుకునేవాళ్ళం. సాగేదేమీ లేదు. పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఒక్కోచోట వెంట్రుకంత సందు పడినా 24 చోట్లా కలిసి అంగుళంలో ఎనిమిదో వంతయ్యేసరికి ఆ చైను మార్చాల్సిందే. లేకపోతే అది చక్రం పళ్ళను కూడా తినేస్తుంది. అరిగిన పళ్ళు ఒకవైపుకు వంగి కొక్కేల్లా తయారవుతాయి. అలాంటి పళ్ళ మీద కొత్త చైను వేస్తే పెడలు తొక్కినప్పుడల్లా ఎగిరి పడుతుంది.

మనిషి కాలి బలాన్ని చక్రానికి చేర్చే ఈ బుష్ రోలర్ చైను 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ తయారుచేసింది. మావయ్యకు ఆ పేరు తెలియదు. ఆయనకు చైనంటే మద్రాసు నుంచి వచ్చే డైమండు చైనే. పెట్టె విప్పగానే నూనెకాగితం వాసన చూసి, చైనును అరచేతిలో కుప్పగా పోసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచేవాడు. ఎక్కడా పట్టకుండా నీళ్ళలా జారితేనే తీసుకునేవాడు.

గెలల సైకిలు

షాపుకు అన్ని రకాల సైకిళ్ళూ వచ్చేవి. లూధియానా హీరో, సోనేపట్ అట్లాస్, అంబత్తూరు హెర్క్యులిస్. మాస్టారి సైకిలుకు చైను కవరుండేది, పోస్టుమాన్ సైకిలుకు సంచులుండేవి. అయితే మావయ్య ప్రాణమంతా గెలల సైకిళ్ళ మీదే ఉండేది.

లంకల్లో అరటి నరికిన రోజున గెలలు రావులపాలెం చేరాలి. ముందు ఇసుకబాట, ఆ తర్వాత ఏటిగట్టు ఎక్కాలి, అక్కడి నుంచి రోడ్డు. ఒక్కో సైకిలు మీద ఎనిమిది గెలలు, బలమైనవాడైతే పది. ఎనిమిది గెలలంటే 150 కిలోలకు అటూఇటూ. వెనక క్యారియరు మీద అడ్డంగా వెదురుగెడలు కట్టి, వాటికి రెండువైపులా గెలలు వేలాడదీసేవారు. ఒకదానికొకటి ఒరుసుకుని కాయ నల్లబడకుండా మధ్యలో ఎండుటాకులు కుక్కేవారు. అన్నిటినీ కలిపి పాత ట్యూబు కోసిన పట్టీలతో బిగించేవారు. కర్పూరం రకమైతే ఒక కట్టు, చక్కెరకేళి అయితే ఇంకొంచెం మెత్తటి కట్టు. దూరం నుంచి చూస్తే అరటిచెట్టే రోడ్డు మీద నడిచొస్తున్నట్టుండేది. మధ్యలో మనిషి తల మాత్రం కనబడేది.

కంపెనీ సైకిలు ఒక మనిషి కోసం చేసింది. దాని మీద ఇద్దరు ముగ్గురి బరువు వేయాలంటే ఒళ్ళంతా మార్చాలి. కొత్త సైకిలు కొన్నవాడు ఇంటికి పోకుండా నేరుగా మావయ్య దగ్గరికి వచ్చేవాడు. ముందు ఫోర్కుకు ఆసరా కడ్డీలు, వెనక చక్రానికి లావు పుల్లలు, క్యారియరుకు కాళ్ళు నాలుగు. చైను కవరూ, మడ్గార్డు చివరా ఊడదీసి పక్కన పెట్టేవాడు. ఆ తర్వాత అసలు పని, చైను.

లూనా 1972లో వచ్చింది, టీవీఎస్ 50 1980లో వచ్చింది. మావయ్యకు ఆ బళ్ళు ముందు చైను రూపంలో పరిచయమయ్యాయి. రాజమండ్రి పాతసామాను కొట్లలో మోపెడ్ చైనులు దొరికేవి. వాటికీ పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళమే, కాబట్టి సైకిలు పళ్ళ మీద కూర్చుంటాయి. లోపలి వెడల్పు మాత్రం సైకిలు చైనుకు అంగుళంలో ఎనిమిదో వంతైతే దీనికి పదహారింట మూడు వంతులు. పన్నుకూ పలకకూ మధ్య ఆ కాస్త సందు మిగిలి, చైను పక్కలకు ఊగుతుంది. ఊగిందంటే జారుతుంది. అందుకని మావయ్య సైకిలు వెనక గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి, ముందు చక్రం పళ్ళూ వెనక చక్రం పళ్ళూ ఒకే గీత మీద ఉన్నాయా అని చూసేవాడు. లేకపోతే ఫ్రీవీలు విప్పి దాని వెనక పలచటి వాషరు వేసేవాడు. మళ్ళీ కన్ను మూసేవాడు. ఈ చూపుకు ఒక్కోసారి గంట పట్టేది. గెలలతను చింతచెట్టు కింద తువ్వాలు పరుచుకుని ఓ కునుకు తీసేవాడు.

బలం ఎక్కడ పెట్టాలి

లావు చైను ఒక్కటీ వేయించుకుంటే చాలనుకునేవారు చాలామంది. మావయ్య ఒప్పుకునేవాడు కాదు.

"చైను లావుదెయ్యండి మేస్త్రిగారూ, ఫ్రీవీలు ఉన్నదే ఉంచండి. అంత డబ్బు లేదండి."

"అయితే పాత చైనే ఉంచుకో బాబూ. చైనొక్కటీ నేనెయ్యను."

ఆ మొండితనం నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఒకరోజు గ్రీజు పూస్తూ అడిగాను. ఆయన చేతిలో పని ఆపకుండానే చెప్పాడు.

"ఒరేయ్ అల్లుడూ, బరువుకి ఏదోటి తెగాలి. చైను పల్చగా ఉంటే చైను తెగుద్ది. దాన్ని లావుది చేశామనుకో, ఫ్రీవీలు లోపల పళ్ళని పట్టుకునే పిల్లులు ఇరుగుతాయి. అవీ గట్టివి ఏస్తే కాటరు పిన్ను కోసుకుపోద్ది. అదీ మారిస్తే ఇరుసు వంగుద్ది. అన్నీ గట్టివే ఏశామనుకో, చివరికి మిగిలేది ఆడి మోకాలు. దానికి స్పేరు నా దగ్గర లేదు."

అందుకే లావు చైనుతో పాటు వెనక పెద్ద ఫ్రీవీలు తప్పనిసరి. మామూలు సైకిలుకు ముందు 48 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 5.9 మీటర్లు పోతుంది. వెనక 22 పళ్ళది వేస్తే 4.8 మీటర్లే పోతుంది. దూరం తగ్గినంత మేర తొక్కుడు తేలికవుతుంది. నాలుగు పళ్ళు పెరిగినందుకు చైనులో రెండు లంకెలు కలిపి, చక్రాన్ని గాడిలో సర్దితే సరిపోతుంది.

కొందరు తెలివిగా ఇంకో ఉపాయం చెప్పేవారు. వెనక మార్చే బదులు ముందు పళ్ళచక్రాన్నే చిన్నది చేస్తే? తొక్కుడు అలా కూడా తేలికవుతుంది కదా? మావయ్య తల అడ్డంగా ఊపేవాడు. "ముందు చిన్నది చేస్తే చైను ఏడుద్ది. ఎనక పెద్దది చేస్తే చైనుకి తెలీనే తెలీదు" అనేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత కాగితం మీద లెక్క వేసి చూశాను. క్రాంకు పొడవు ఆరున్నర అంగుళాలు. 48 పళ్ళ చక్రం మధ్య నుంచి పళ్ళ దాకా నాలుగు అంగుళాలకు కొద్దిగా తక్కువ. 60 కిలోల మనిషి పెడలు మీద నిలబడితే చైను మీద పడే లాగుడు 100 కిలోల పైమాటే. ముందు చక్రం 36 పళ్ళదైతే అదే మనిషి అదే పెడలు తొక్కినా లాగుడు 136 కిలోలవుతుంది. వెనక పళ్ళచక్రం ఎంత పెద్దది చేసినా చైను మీద బరువు వీసమెత్తు పెరగదు, చక్రం తిరిగే బలం మాత్రం పెరుగుతుంది. ఐదో తరగతి దాటని మనిషి ఆ లెక్కను తెగిన చైనులు చూసీ చూసీ నేర్చుకున్నాడు.

లాకు తిరగబడిన రోజు

ఒక మధ్యాహ్నం మావయ్య భోజనానికి వెళ్ళాడు. లంక నుంచి ఒక పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. చైను ఊడింది, లాకు పడిపోయింది. "అబ్బాయ్, తొందరగా కలుపు, అవతల గెలలు ఎండలో ఉన్నాయి" అన్నాడు. నేను అప్పటికి పది లాకులైనా వేసి ఉంటాను. డబ్బాలోంచి కొత్తది తీసి చైను కలిపాను, క్లిప్పు నొక్కాను, టక్కుమంది. పెద్దాయన వెళ్ళిపోయాడు.

చైను లాకుకు చిన్న క్లిప్పుంటుంది, చేప ఆకారంలో. దాని మూసిన తల చైను పోయే దిక్కుకు ఉండాలి, చీలిన తోక వెనక్కి ఉండాలి. తిరగబడితే చీలిక ఏ పుల్లకో కవరుకో తగిలి, క్లిప్పు విచ్చుకుని ఊడిపోతుంది. అది నాకు తెలుసు. ఆ తొందరలో చూసుకోలేదు.

సాయంత్రం గట్టు మీద ఎవరో కేకేశారు. వెళ్ళి చూసేసరికి ఎక్కుడు మధ్యలో సైకిలు పక్కకు పడి ఉంది. గెలలు గట్టు వాలులో దొర్లి చెల్లాచెదురయ్యాయి. ఎక్కుడులో పెడలు మీద నిలబడి తొక్కుతుండగా చైను ఊడిందట. కాలు ఒక్కసారిగా కిందికి పోయి మోకాలు రాయికి కొట్టుకుంది. పెద్దాయన పంచె మీద నెత్తురు. ఆయన మోకాలిని చూసుకోవడం లేదు, కాయలు నలిగాయేమోనని గెలలు తిరగేసి చూసుకుంటున్నాడు.

మావయ్య వంగి చైను చివర వేళ్ళతో పట్టుకుని చూశాడు, నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. నలిగిన గెలల ఖరీదు ఆ రాత్రే పెద్దాయన ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాడు. మర్నాడు నన్ను కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని లాకు వేయమన్నాడు, తీయమన్నాడు, మళ్ళీ వేయమన్నాడు. మూసిన తల ఎటుందో నా బొటనవేలికి తెలిసేదాకా ఆ రోజంతా అదే పని.

ఆయన కూడా ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఆ తర్వాత గెలల సైకిలుకు లాకు వేయడం మానేశాడు. చైను చివరలు కలిపి పిన్నే దిగ్గొట్టి, లారీ ఇరుసు మీద ఆనించి, పిన్ను తలను సుత్తితో చుట్టూ సన్నగా కొట్టి పువ్వులా విప్పేవాడు. అది చైనుతో పాటు అరగాల్సిందే తప్ప ఊడే మాట లేదు. విప్పాలంటే పిన్ను తల ఆకురాయితో అరగదీయాలి. పని రెట్టింపు. అయినా డబ్బు మాత్రం లాకుకు తీసుకున్నంతే తీసుకునేవాడు.

ఇసుకా, వొండ్రూ

గోదారి ఇసుక చైనుకు శత్రువు. పైన నూనె కారేలా పోసుకుంటే ఇసుక వచ్చి అంటుకుని, ఆ నూనె ఇసుకల ముద్దే ఆకురాయిలా లంకెల్ని తినేస్తుంది. నెలకోసారి మావయ్య చైను విప్పి కిరసనాయిల్లో నానేసేవాడు. డబ్బా అడుగున ఇసుక మేట వేసేది. తర్వాత ఎండలో ఆరబెట్టి, కుంపటి మీద గ్రీజు కరిగించి అందులో ముంచేవాడు. వేడి గ్రీజు బుష్షుల్లోకి దిగేది. చల్లారాక పైపైన గుడ్డతో పొడిగా తుడిచేసేవాడు. "లోపల నూనె, బయట పొడి" అని గెలలవాళ్ళందరికీ నూరిపోసేవాడు.

1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. లంకల్లో ఇళ్ళకు ఇళ్ళే మునిగాయి. జనం గట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్ళు తీశాక వొండ్రులో కూరుకుపోయిన సైకిళ్ళను తవ్వి తీసి షాపుకు తెచ్చారు. హబ్బుల నిండా వొండ్రు, ఫ్రీవీళ్ళ నిండా వొండ్రు. ఫ్రీవీలు మూతకు మరచుట్టు తిరగేసి ఉంటుంది, అందరూ విప్పేవైపు తిప్పితే బిగుస్తుంది. నేను మూతలు విప్పి ఆవగింజల్లాంటి గుండ్లను జల్లెట్లో కడిగేవాణ్ణి. మావయ్య ఒక్కొక్క పిల్లిని, వెంట్రుకలాంటి దాని స్ప్రింగునీ పెట్టి మూసేవాడు. మూసి చేత్తో వెనక్కి తిప్పేవాడు. టిక్ టిక్ టిక్ అని తెంపు లేకుండా పలికితే పక్కన పెట్టేవాడు. అత్తయ్య దీపం పట్టుకుని నిలబడేది. ఎవరినీ డబ్బు అడగలేదు. తర్వాతి పంటలకు ఒకరు గెల తెచ్చారు, ఒకరు కొబ్బరికాయలు దింపారు, కొందరు ఇవ్వలేకపోయారు. అరటి మళ్ళీ వేసేసరికి సైకిళ్ళు మాత్రం నడిచే స్థితిలో ఉన్నాయి.

చైను నుంచి ఇంజన్‌కు

తర్వాత మోపెడ్లు పాతసామానుగా కాక కొత్తవే రావడం మొదలైంది. మావయ్య సైకిళ్ళకు తొడిగిన చైనులే ఇప్పుడు సొంత ఇంజన్‌తో రోడ్డెక్కాయి. గేరు మార్చక్కర్లేదు, క్లచ్చు నొక్కక్కర్లేదు, యాక్సిలేటరు తిప్పితే పోతుంది. వెనక అవే వెదురుగెడలు, అవే ఎండుటాకులు. కట్టే పద్ధతి మారలేదు, తొక్కేవాడే మారాడు. ఒక్కొక్కరే సైకిలు పక్కన పెట్టారు. 2005 తర్వాత చిన్న ట్రక్కులు వచ్చి లంక లోపలి నుంచే గెలలు ఎత్తుకుపోసాగాయి.

ఇందులో బాధపడాల్సిందేముందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. 150 కిలోలు గట్టెక్కించిన మనుషుల ఒళ్ళు నేను దగ్గర్నుంచి చూశాను. నలభై ఏళ్ళకే పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బేవి. రాత్రిళ్ళు కాళ్ళకు కొబ్బరినూనె రాయించుకుంటూ మూలిగేవారు. ఆ చాకిరీ పోవడం మేలే. దాన్ని తలుచుకుని అందంగా చెప్పుకుంటే వాళ్ళకు అన్యాయం చేసినట్టే. మోపెడ్ కొన్న మొదటిరోజు ఒకతను షాపు ముందు ఆపి, "ఆయ్, పొద్దున్నించీ మూడు ట్రిప్పులేశానండి, కాళ్ళు నావే అన్నట్టున్నాయండి" అన్నాడు. మావయ్య లేచెళ్ళి ఆ బండి చైను బిగువు వేలితో నొక్కి చూసి, సంతోషంగా నవ్వాడు.

పోయినది వేరే ఉంది. ఆ షాపులో ప్రతి సైకిలూ దాని మనిషికి తగ్గట్టు కొలిచి తయారైనది. ఇతను ఎంత ఎత్తు, ఏ లంక నుంచి వస్తాడు, ఆ దారిలో ఇసుక ఎంత, ఎక్కుడు ఎంత, కుడికాలు బలమా ఎడమకాలు బలమా, ఇవన్నీ అడిగాకే మావయ్య ఎన్ని పళ్ళ చక్రం వేయాలో చెప్పేవాడు. ఇప్పుడు బండి కంపెనీ నుంచి ఎలా వస్తే అలాగే వాడతాం, పాడైతే ముక్క మారుస్తారు. మనిషి మోకాలి దాకా ఆలోచించి చైను ఎన్నుకునే చెయ్యి మళ్ళీ కనబడలేదు.

మావయ్య చివరిదాకా షాపు తెరిచాడు. పంక్చర్లు, పిల్లల సైకిళ్ళు, అంతే. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లో అట్లాస్ చివరి ఫ్యాక్టరీ మూతపడిందని పేపర్లో చదివినప్పుడు ఆయన లేడు. ఉండి ఉంటే ఆ వార్త ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

పాదు కింద

ఆ రోజు దొండపాదు కింద వంగి, చైను మీద తుప్పును గోటితో గీకుతూ లాకు కోసం వెతికాను. చుట్టంతా తడిమినా లాకు దొరకలేదు. ఫ్రీవీలు పక్కన ఒక పిన్ను తల మిగతావాటికంటే వెడల్పుగా తగిలింది. తుప్పు రాల్చి చూస్తే చుట్టూ సన్నటి సుత్తి దెబ్బలు, పువ్వులా విచ్చుకుని ఉన్నాయి. వెనక చక్రం పళ్ళు లెక్కపెట్టాను. ఇరవై రెండు.

అలికిడి విని ఇంట్లోంచి ఒక ముసలాయన వచ్చాడు. ఎవరి తాలూకనని అడిగాడు. చెప్పాను. ముందు గుర్తు పట్టలేదు, షాపు చింతచెట్టు మాటెత్తగానే పట్టాడు. "మేస్త్రిగారి మేనల్లుడా! ఆ సైకిలు ఆయన చేతిదేనండి. చైనొక్కటీ ఎయ్యమంటే ఎయ్యలేదు. పెద్ద ఫ్రీవీలు కూడా అంటగట్టాడు, అప్పుడు తిట్టుకున్నానండి. డబ్బులు మూడు కంతుల్లో తీసుకున్నాడు."

"ఎన్నేళ్ళు తొక్కారండి?"

"మావాడు టీవీఎస్ కొనేదాకా."

అడగాలా వద్దా అనుకుంటూనే మోకాళ్ళ సంగతి అడిగాను.

ఆయన రెండు మోకాళ్ళనూ అరచేతులతో తట్టాడు. "ఒకటి బానే ఉందండి. రెండోది వానొచ్చే ముందు కాస్త లాగుద్ది" అన్నాడు. ఆ మాటంటూనే పందిరి కింద గొంతుక్కూర్చుని, చైను చుట్టూ పాకిన తీగను పక్కకు తప్పిస్తూ నా కోసం దొండకాయలు కోయడం మొదలుపెట్టాడు.